పాట ఫోనులోనే ఉంది, ఎక్కడుందో తెలియదు

నరసరావుపేటలోనైనా మాచర్లలోనైనా సెల్ షాపు ముందు కాసేపు నిలబడితే చాలు, 'మెమరీ ఫుల్ అంటోంది' అన్న మాట వినపడుతుంది. ఫోను మీదే పాట కట్టేవాళ్లకు ఈ బాధ ఇంకా ఎక్కువ. శివరాత్రికి ముందు కోటప్పకొండ ప్రభల కోసం పాట చేసేవాళ్లున్నారు. క్రిస్మస్‌కు చర్చిలో పాడటానికి కొత్త పాట రికార్డు చేసేవాళ్లు, కోలాటం బృందానికి ట్రాక్ తయారుచేసేవాళ్లు, ఎన్నికలొస్తే అభ్యర్థి పేరు మీద బాణీ కట్టేవాళ్లు ఉన్నారు. వీళ్లలో చాలామందికి స్టూడియో అంటే చేతిలో ఉన్న ఫోనే. గుంటూరు, విజయవాడ వెళ్లి గంటల లెక్కన డబ్బు కట్టే పని తప్పింది. ఎఫ్ఎల్ స్టూడియో మొబైల్, బ్యాండ్‌ల్యాబ్, ఐఫోనైతే గ్యారేజ్‌బ్యాండ్, ఈ యాప్‌లతో ఇంట్లో కూర్చుని పది పన్నెండు ట్రాకుల పాట ముగించొచ్చు. చేసే పని ఇంత సులువైంది కానీ దాచే పని ఎవరూ నేర్పలేదు. రెండేళ్ల కిందటి పాటకు చరణం మార్చి ఇమ్మని ఎవరైనా అడిగితే ఎంపీ3 ఒక్కటే దొరుకుతుంది. గొంతు విడిగా ఉండదు, డోలక్ విడిగా ఉండదు. పాట పోయిందని అప్పుడు తెలుస్తుంది. ఇది చోటు చాలక వచ్చిన నష్టం కాదని, చిరునామా లేక వచ్చినదని నా వాదన. ఇంకో మాట కూడా ముందే చెప్తాను. పాట ఏ యాప్‌లో పుట్టిందో ఆ యాప్‌లోనే దాన్ని వదిలేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

చోటు సంగతి ముందు తేల్చుకుందాం. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో రికార్డు చేసిన మోనో వేవ్ ట్రాక్ నిమిషానికి 8.64 ఎంబీ తింటుంది. నాలుగు నిమిషాల పాటకు గొంతు, కోరస్, డోలక్, బేస్, కీబోర్డు, తాళాలు, ఇంకో రెండు కలిపి ఎనిమిది ట్రాకులు అనుకుంటే 276 ఎంబీ అవుతుంది. అలాంటి పాటలు వంద చేసినా 28 జీబీ దాటదు. అంటే ఒక మనిషి ఏళ్ల తరబడి చేసిన వంద పాటలు, విడి ట్రాకులతో సహా, 32 జీబీ కార్డులో పడతాయి. గోరంత కార్డు అది. నాణ్యత ఏమాత్రం తగ్గించకుండా ఫ్లాక్ అనే పద్ధతిలోకి మారిస్తే ఇంకా చాలా తగ్గుతుంది. మరి 128 జీబీ ఫోను ఎందుకు నిండుతోంది? వాట్సాప్ గ్రూపుల్లో వచ్చి పడే వీడియోలు, ఒకే పాటకు పదిసార్లు తీసిన ఎంపీ3లు, వద్దనుకున్న టేకులు, దేనికి చేశామో గుర్తులేని 'న్యూ ప్రాజెక్ట్ 14', 'న్యూ ప్రాజెక్ట్ 15'ల వల్ల. ఏది ఉండాలో ఏది పోవాలో తెలియనప్పుడు మనిషి అన్నీ ఉంచుకుంటాడు. ఇక కుదరని రోజున కంగారులో చేతికి దొరికింది తీసేస్తాడు. ఆ తీసేసినవాటిలో అసలు గొంతు టేకు కూడా పోతుంది. చోటు లేదన్న ఫిర్యాదు వెనక నిజంగా ఉన్నది ఈ తెలియకపోవడమే.

పాటను దాచడం పల్నాటికి కొత్త కాదు. ఈ నేల తన కథను దాచుకున్నంత పట్టుదలగా దాచుకున్న సీమలు మన దగ్గర తక్కువ. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధం ఆ కథ పాడే వీరవిద్యావంతుల గొంతులో, పంబ మోతలో, తిత్తి శ్రుతిలో తరం నుంచి తరానికి నడిచి వచ్చింది. ఓరుగల్లు వీధిలో ఒక స్త్రీ పల్నాటి వీరుల కథ పాడుతుంటే జనం విన్న సన్నివేశం క్రీడాభిరామంలో ఉంది. ఆ కావ్యం ఎవరి పేరున ప్రచారంలో ఉందో ఆ వల్లభరాయుడి ఇంటిపేరు వినుకొండ. ఆ వినుకొండ ఇప్పుడు పల్నాడు జిల్లాలోదే. శ్రీనాథుడి పేరున ఉన్న ద్విపద కావ్యంలో మనకు ప్రధానంగా దక్కింది బాలచంద్రుడి యుద్ధం. 1911లో అక్కిరాజు ఉమాకాంతం దాన్ని అచ్చులోకి తెచ్చారు. అప్పుడు ఆ పని జరిగి ఉండకపోతే తాటాకుల మీద ఇంకెంత శిథిలమయ్యేదో ఊహించుకోవచ్చు. 1970లలో జీన్ రోఘైర్ అనే అమెరికన్ పండితుడు పల్నాటికి వచ్చి, ఒక విద్యావంతుడు పాడిన కథను రికార్డు చేసుకుని, దాన్ని ఇంగ్లిషులోకి అనువదించి 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకంగా తెచ్చాడు. పుస్తకం ఇవాళ్టికీ పనికొస్తోందంటే అందులో కథ ఒక్కటే ఉన్నందుకు కాదు. పాడినవాడు ఎవరు, ఏ వర్గంవాడు, ఎక్కడ పాడాడు, పక్కన ఏ వాద్యాలు మోగాయి అన్నవి కూడా ఉన్నందుకు. ఆ వివరాలు లేని టేపు ఎంత శుభ్రంగా రికార్డైనా వినేవాడికి పేరు తెలియని గొంతే.

ఇక్కడే మొదటి ఆక్షేపణ వస్తుంది. ఎనిమిది వందల ఏళ్లు ఏ ఫైలూ, ఏ ఫోల్డరూ లేకుండా బతికిన కథ కదా, ఇవాళ ఈ గోలంతా ఎందుకు అని అడగొచ్చు. గట్టి ప్రశ్నే ఇది. కానీ ఆ యుద్ధం జరిగిన కారంపూడిలో ఇవాళ్టికీ ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే జవాబు అక్కడే దొరుకుతుంది. కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరారాధన ఐదు రోజులు సాగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. రోజుకో పేరుంది. ఆ పేరు వినగానే కథలో ఏ ఘట్టానికి వచ్చామో పల్నాటివాడికి తెలుస్తుంది. తేదీ తిథిని బట్టి స్థిరం, చోటు నాగులేటి ఒడ్డున స్థిరం, వరుస స్థిరం. ఆయుధాలను కొణతాలు అని పిలిచి పూజకు తెచ్చే వంశాల వాళ్లు ఎవరో ఊళ్లకు తెలుసు. నోటితో బతికిన కథ క్రమం లేకుండా బతికిందనుకోవడం పొరపాటు. దానికి ఉన్నంత గట్టి క్రమం ఇవాళ్టి ఏ ఫోనులోనూ లేదు. తేదీ, చోటు, వరుస, మనిషి, ఈ నాలుగూ పాటను పట్టుకుని ఉన్నాయి. ఫోను వచ్చాక ఈ నాలుగింటినీ వదిలేసి గొంతును మాత్రం పట్టుకున్నాం. కాబట్టి ఆ సంప్రదాయం నా వాదనకు అడ్డం రాదు, నేను చెప్పదలచుకున్నదాన్ని అది ఎప్పుడో చేసి చూపించింది.

ఇప్పుడు ఫోను లోపలికి వెళ్దాం. ఒకప్పుడు ఆండ్రాయిడ్ ఫోను పెంకుటింటి వసారాలాంటిది. ఉమ్మడి నిల్వలో ఏ యాప్ పెట్టిన ఫైలైనా అనుమతి ఉన్న ఇంకో యాప్‌కు కనపడేది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10తో మొదలుపెట్టి, మరుసటి ఏడు వచ్చిన 11తో గట్టిపరచి, గూగుల్ ఒక్కో యాప్‌కూ ఒక్కో గది కట్టి తలుపు వేసింది. మన సొంత సమాచారానికి రక్షణగా చేసిన మంచి మార్పే అది, తప్పుపట్టను. కానీ పాట కట్టేవాడికి దాని అర్థం వేరు. యాప్ తన గదిలో దాచుకున్న ప్రాజెక్టులు ఫోనులోని మామూలు ఫైల్ మేనేజరుకు కనపడకపోవచ్చు. యాప్ తీసేసిన క్షణాన ఆ గది సామానుతో సహా పోతుంది. 'యాప్ ఆగిపోతోంది, ఒకసారి తీసేసి మళ్లీ ఎక్కించు' అని చెప్పే మామూలు సలహా ఇక్కడ పాటల పాలిట గొడ్డలిపెట్టు. ఐఫోనులోనూ అంతే. 2017లో ఐఓఎస్ 11తో ఫైల్స్ అనే యాప్ వచ్చి లోపలి ఫోల్డర్లు కొంత కనపడుతున్నాయి గానీ, యాప్‌ను డిలీట్ చేస్తే ఫోనులో ఉన్న దాని ఫైళ్లూ వెళ్లిపోతాయి. 'ఆఫ్‌లోడ్' చేస్తే మాత్రం ఉంటాయి. ఈ రెండు మాటలకూ మధ్య ఉన్న తేడా తెలియక పోగొట్టుకోవడం చాలా సులువు.

ప్రాజెక్టు ఫైలు అంటే ఏమిటో కూడా చాలామంది పొరపాటుగా అనుకుంటారు. అది పాట అనుకుంటారు. చాలా సందర్భాల్లో అది పాట కాదు, పాటను మళ్లీ ఎలా పేర్చాలో రాసుకున్న చీటీ. ఫలానా సెకను దగ్గర ఫలానా డోలక్ ముక్క మొదలుపెట్టు, ఫలానా గొంతు మీద ఇంత ఎకో వేయి, అని అందులో ఉంటుంది. ఆ డోలక్ ముక్క, ఆ గొంతు వేరేచోట ఉంటాయి. చీటీని మాత్రం కొత్త ఫోనులోకి తెచ్చుకుని తెరిస్తే ఖాళీ ట్రాకులు కనపడతాయి. చీటీతోపాటు సరుకంతా తెచ్చుకున్నా ఇంకో చిక్కుంది. చీటీ చదవగలిగేది ఆ ఒక్క యాపే. ఐఓఎస్ 11 వచ్చిన రోజున 32 బిట్ల పాత యాప్‌లన్నీ తెరుచుకోవడం మానేశాయి. తయారుచేసినవాళ్లు కొత్త వెర్షన్ ఇవ్వని యాప్‌లలో ఉన్న ప్రాజెక్టులు, ఫోనులో ఉంటూనే, ఎవరికీ పనికిరానివైపోయాయి. 1991లోనే మైక్రోసాఫ్ట్, ఐబీఎం కలిసి రూపొందించిన వేవ్ ఫైలు మాత్రం ఇవాళ ఏ ఫోనులోనైనా, ఏ కంప్యూటరులోనైనా మోగుతుంది. అందుకే పాట ముగిసిన రోజే, మిక్సింగ్ అలవాటులో భాగంగానే, ప్రతి ట్రాకునూ విడివిడిగా వేవ్ ఫైలుగా బయటికి తీయాలి. అన్ని ట్రాకులూ పాట మొదటి సెకను నుంచే మొదలయ్యేట్టు తీయాలి. రెండో చరణంలో మాత్రమే వచ్చే కోరస్ అయినా సరే, ముందు నిశ్శబ్దంతో సహా ఉండాలి. అప్పుడే పదేళ్ల తర్వాత ఎవరో ఇంకో యాప్‌లో వాటిని ఒకదాని కింద ఒకటి పేరిస్తే తాళం తప్పకుండా కలుస్తాయి. స్టెమ్స్ అని స్టూడియో వాళ్లు అనేది వీటినే.

బయటికి తీసిన ఫైలుకు పేరు పెట్టడం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే అసలు పని ఇక్కడే ఉంది. ఉదాహరణకు కారంపూడి అన్న ఒక్క పేరు తీసుకోండి. తెలుగులోనే కారంపూడి, కారెంపూడి అని రెండు రకాలుగా రాస్తాం, పాత పుస్తకాల్లో కార్యమపూడి. ఇంగ్లిషు అక్షరాల్లోకి వెళ్తే దీర్ఘాలు ఒక్కొక్కరూ ఒక్కోలా పెడతారు, నాలుగైదు రూపాలు సులువుగా తేలతాయి. రాసిన రోజున ఏ రూపం వాడామో మూడేళ్ల తర్వాత గుర్తుండదు. వెతికే పెట్టెలో కొడితే 'ఏమీ దొరకలేదు' అని వస్తుంది. ఫైలు ఉంది, పేరు కుదరలేదు. ఇంగ్లిషు అక్షరాల్లో ళకూ లకూ, ణకూ నకూ తేడా కూడా పోతుంది కాబట్టి నా ఓటు తెలుగు లిపికే. కొందరు భయపడ్డట్టు ఇవాళ్టి ఫోన్లు తెలుగు పేర్లను తిరస్కరించవు. ఒక్క పరిమితి ఉంది. ఫోను లోపలి నిల్వలో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు, తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి, అంటే 85 గుర్తులు. గుడి, దీర్ఘం, పొల్లు అన్నీ విడి గుర్తులే. 'పల్నాటి' అన్న మాట మనకు మూడక్షరాలు, ఫోనుకు ఏడు గుర్తులు, 21 బైట్లు. అయినా 85 తక్కువేం కాదు, పల్లవి మొత్తం పేరుగా పెట్టకపోతే చాలు.

పేరులో ముందు తేదీ రావాలి, అదీ సంవత్సరం, నెల, రోజు వరుసలో. 2025-02-14 అని మొదలుపెడితే ఫోను తనంతట తానే పాటలను కాలక్రమంలో పేర్చి చూపిస్తుంది. 14-02-2025 అని రాస్తే ప్రతి నెలా పద్నాలుగో తేదీవన్నీ ఒకచోట చేరి వరుస చెడుతుంది. ఫోను ఎలాగూ తేదీ చూపిస్తుంది కదా అనకూడదు. ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకో కార్డుకో కాపీ చేసినప్పుడు చాలాసార్లు కాపీ చేసిన రోజే ఫైలు తేదీగా మారిపోతుంది. తేదీ తర్వాత చోటో సందర్భమో, తర్వాత పాట గుర్తు, తర్వాత శ్రుతి, వేగం. '2025-02-14 కోటప్పకొండ ప్రభ చేదుకో శ్రుతి ఐదున్నర 104' అని ఫోల్డరుకు పేరుంటే, దాన్ని ఎప్పుడూ చూడని కీబోర్డు వాయిద్యగాడు కూడా తెరవకముందే సిద్ధం కాగలడు. శ్రుతిని మనవాళ్లు వాడే లెక్కలోనే, ఒకటిన్నర, నాలుగున్నర, ఐదున్నర అని రాసుకుంటే సరిపోతుంది. లోపల ట్రాకులకు 'గొంతు', 'కోరస్', 'డోలక్', 'తాళం' అని పేర్లు. 'ఆడియో 7' అని యాప్ పెట్టిన పేరును అలా వదిలేయకూడదు. 'ఫైనల్', 'కొత్త ఫైనల్', 'ఇదే ఫైనల్' అన్న వరుస పాట కట్టే ప్రతివాళ్లకూ తెలిసిందే. ఆ మాటను పూర్తిగా మానేసి 01, 02, 03 అని అంకెలు వేసుకుంటే చివరిది ఏదో అంకే చెప్తుంది. ఇక ప్రతి ఫోల్డరులో ఒక చిన్న నోటు ఉండాలి. పాడినవాళ్లు ఎవరు, రాసినవాళ్లు ఎవరు, వాయించినవాళ్లు ఎవరు, ఎవరి కోసం చేశాం, బాణీ సొంతమా జానపదమా, డబ్బు ఒప్పందం ఏమిటి. పది లైన్లు చాలు. రోఘైర్ పుస్తకానికి ఉన్న విలువలో సగం ఇలాంటి పది లైన్లదే.

పాట ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారేటప్పుడూ జారిపోతుంది. పిడుగురాళ్లలో పాడిన గొంతు సత్తెనపల్లిలో మిక్సింగ్ చేసేవాడికి వాట్సాప్‌లో వెళ్తుంది. వాయిస్ మెసేజ్‌గా పాడి పంపితే వాట్సాప్ దాన్ని మాట అర్థమైతే చాలన్నట్టు కుదించి పంపుతుంది. గమకంలోని సన్నదనం, పంబ మోతలోని గాంభీర్యం అక్కడే పోతాయి, తర్వాత ఏ మిక్సింగూ తిరిగి తేలేదు. అదే ఫైలును డాక్యుమెంటుగా జతచేస్తే ఉన్నదున్నట్టు చేరుతుంది. 2022 నుంచి 2 జీబీ దాకా పంపొచ్చు, కాబట్టి ఒక పాట ట్రాకులన్నీ జిప్ చేసి ఒకేసారి పంపేయొచ్చు. కానీ పంపడం వేరు, దాచడం వేరు. అవతలివాడి చాట్‌లో ఉంది కదా, కావాలంటే మళ్లీ అడుగుతాం అనుకోవడం మన ఊళ్లలో మామూలు. అతను ఫోను మార్చిన రోజున ఆ ధీమా పోతుంది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లను గుర్తుచేసుకోండి. టిక్‌టాక్ గురించే అందరూ మాట్లాడారు గానీ ఆ జాబితాలో షేర్‌ఇట్, జెండర్, ఈఎస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ కూడా ఉన్నాయి. ఫోను నుంచి ఫోనుకు పాటలు పంపుకోవడానికి, ఫైళ్లు వెతుక్కోవడానికి మన పల్లెల్లో అప్పటిదాకా చేతికర్రలా వాడిన యాప్‌లు అవి. నిషేధం మంచిచెడ్డలు వేరే చర్చ. ఇక్కడ నాకు ముఖ్యం ఏమిటంటే, ఒక రాత్రిలో దారి మూసుకుపోగలదు. ఏ యాప్ లేకపోయినా చదవగలిగే ఫోల్డరు ఉన్నవాడికి ఆ రాత్రి వల్ల ఏమీ పోలేదు.

రెండో ఆక్షేపణ చదువుకున్న కుర్రవాళ్ల నుంచి వస్తుంది. క్లౌడ్ ఉంది కదా, గూగుల్ డ్రైవ్‌లో వేస్తే అదే చూసుకుంటుంది, బ్యాండ్‌ల్యాబ్ అయితే అసలు అన్నీ ఆన్‌లైన్‌లోనే దాస్తుంది అంటారు. క్లౌడ్‌ను వద్దనను. రెండో కాపీకి అంతకన్నా అనువైన చోటు లేదు. ఒక్కటే కాపీ అక్కడ పెట్టడానికే నేను ఒప్పుకోను. 2019లో మైస్పేస్ అనే సంస్థ, సర్వర్లు మార్చేటప్పుడు జరిగిన పొరపాటులో పాత ఫైళ్లు పోయాయని చల్లగా ప్రకటించింది. 2003 నుంచి 2015 దాకా జనం ఎక్కించిన పాటలు, లెక్కకు 5 కోట్లు అని అప్పటి అంచనా, చాలావరకు తిరిగి రాలేదు. వాళ్లలో ఎంతోమందికి ఇంకో కాపీ లేదు. అంతకన్నా మనకు దగ్గర ప్రమాదాలున్నాయి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మెయిల్, ఫోటోలు, డ్రైవ్, ఇప్పుడు ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ కూడా కలిసే ఉంటాయి. అది నిండితే కొత్త ఫైలు ఎక్కదు, ఎక్కలేదన్న సంగతి చాలామంది గమనించరు. రెండేళ్లు అసలు తెరవని ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తీసేస్తోంది. రీచార్జి చేయక పాత నంబరు పోతే ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే ఖాతా తెరుచుకోకపోవచ్చు. క్లౌడ్ అంటే వేరేవాళ్ల గోదాములో పెట్టిన బస్తా. రసీదు మన దగ్గర ఉండాలి, ఇంట్లో గింజలు కొన్నైనా ఉండాలి.

మూడో ఆక్షేపణ ఇంకా సూటిగా ఉంటుంది. పాట యూట్యూబ్‌లో ఉంది, జనం వింటున్నారు, ఈ ముక్కలన్నీ ఎవరికి కావాలి? పాట కట్టేవాడి బతుకుతెరువు కోణం నుంచే దీనికి జవాబు చెప్పాలి. ప్రభ పాటలో ఊరి పేరు మార్చి ఇంకో ఊరికి ఇవ్వాలన్నా, కోలాటానికి గొంతు లేని ట్రాక్ కావాలన్నా, పాడిన అమ్మాయి ఒక పదం తప్పు పలికిందని తెలిసినా, విడి ట్రాకులు ఉంటే అరగంట పని, లేకపోతే మొదటినుంచి మళ్లీ చేయాలి. ఇవాళ గొంతునూ వాద్యాన్నీ విడదీసే యాప్‌లు వచ్చాయి, అవి చేయవా అంటే కొంతవరకు చేస్తాయి. కానీ ఎంపీ3లో ఒకసారి కుదించినప్పుడు పోయిన ధ్వని అవి పుట్టించలేవు, పంబ, తిత్తి లాంటి వాద్యాల దగ్గర తడబడటానికి అవకాశం ఎక్కువ. హక్కుల సంగతీ ఉంది. మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం రికార్డింగు మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. నీ పాటను ఇంకో ఛానల్ వాళ్లు తమదని పెట్టుకుంటే, ఇది నాదని చూపడానికి యూట్యూబ్ లింకు ఒక్కటే సరిపోకపోవచ్చు. తేదీలతో ఉన్న కచ్చా టేకులు, తప్పులు దొర్లిన మొదటి ప్రయత్నాలు, పాడినవాళ్ల పేర్లున్న నోటు, ఇవి ఎవరూ తర్వాత సులువుగా కల్పించలేని సాక్ష్యాలు. జానపద బాణీల విషయంలో ఇది మరీ అవసరం. బాణీ అందరిదీ, ఈ రికార్డింగు మాత్రం వీళ్లదీ అని విడదీసి చెప్పగలగాలి.

ఖర్చు మాట కూడా కాదనలేనిది. కూలిపని చేసుకుంటూ రాత్రిళ్లు పాట చేసేవాణ్ని హార్డ్ డిస్కు కొనమనడం సులువు, కొనడం కష్టం. కానీ పైన వేసిన లెక్క ప్రకారం మొదట కావాల్సింది 64 జీబీ పెన్‌డ్రైవ్, దాన్ని ఫోనుకు తగిలించే చిన్న ఓటీజీ కనెక్టరు. అంతకుమించి అక్కర్లేదు. ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి ఇంటి బయట అంటుంది. ఫోనులో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, డ్రైవ్‌లో ఒకటి ఉంటే ఆ సూత్రం నెరవేరినట్టే. కొనేటప్పుడు ఒక జాగ్రత్త. సంతల్లో చవగ్గా దొరికే పెద్ద సైజు కార్డుల్లో నకిలీవి ఉంటాయి. 512 జీబీ అని చూపిస్తాయి, లోపల అంత ఉండదు, నిండాక రాసింది రాసినట్టే మాయమవుతుంది. కొత్త కార్డులో ఎక్కించిన నాలుగు పాటలు తెరిచి చివరిదాకా విని చూసే దాకా ఫోనులోవి తీయకూడదు. ఎండ కూడా చూసుకోవాలి. రెంటచింతల వేసవి సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. కార్డుల్లో, పెన్‌డ్రైవుల్లో సమాచారం అతి సూక్ష్మమైన విద్యుదావేశంగా నిలిచి ఉంటుంది, వేడికి అది త్వరగా సడలుతుంది. బండి ట్యాంకు కవరులో, కారు అద్దం కింద వాటిని వదలకూడదు. మెమరీ కార్డును ఫోను 'లోపలి నిల్వగా' వాడమంటారా అని అడిగితే ఒప్పుకోవద్దు. అలా కలిపిన కార్డు ఆ ఒక్క ఫోనుతోనే మాట్లాడుతుంది, ఫోను పోతే కార్డు చేతిలో ఉన్నా లోపలిది చదవలేం. కార్డుదాకా ఎందుకు, కొత్త ఫోన్లన్నీ లోపలి నిల్వను తాళం వేసే ఉంచుతున్నాయి. బోర్డు కాలిపోతే ఒకప్పుడు చిప్ తీసి ఫోటోలు రాబట్టిన చేయితిరిగిన మెకానిక్ కూడా ఇవాళ అలా ఏమీ రాబట్టలేడు.

పెద్ద సంస్థలు మాత్రం జాగ్రత్తగా ఉన్నాయా అంటే, అదీ లేదు. 2008 జూన్ 1న హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియో ఆవరణలో మంటలు రేగి ఒక నిల్వ భవనం కాలిపోయింది. అందులో దశాబ్దాల నాటి మాస్టర్ టేపులున్నాయని లోకానికి వివరంగా తెలిసింది 2019లో, పత్రికా కథనం వచ్చాక. ఎన్ని పోయాయి, ఎవరివి పోయాయి అన్నదాని మీద సంస్థకూ పరిశోధించినవాళ్లకూ మధ్య లెక్క కుదరలేదు. ఏముందో రాసిపెట్టిన పట్టిక సమగ్రంగా లేనప్పుడు ఏం పోయిందో కూడా చెప్పలేం. ఫోనులోని పాటలకు ఇదే వర్తిస్తుంది. అందుకే పెన్‌డ్రైవ్‌తోపాటు ఒక మామూలు నోటు పుస్తకం కూడా ఉండాలని నేను గట్టిగా చెప్తాను. వరుస సంఖ్య, తేదీ, పాట పేరు, పాడినవాళ్లు, ఎన్ని ట్రాకులు, ఎక్కడెక్కడ కాపీలున్నాయి. ఏడాదికొకసారి, కారంపూడి తిరునాళ్లకో శివరాత్రికో, ఆ పుస్తకం తెరిచి నాలుగు పాటలు మోగించి చూసుకుంటే పెన్‌డ్రైవ్ చెడుతున్న సంగతి పూర్తిగా చెడకముందే తెలిసే అవకాశం ఉంటుంది.

ఇంకొకటి మిగిలింది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. పాట కట్టిన మనిషి హఠాత్తుగా పోతే ఫోను తాళం ఎవరికి తెలుసు? వేలిముద్రతో తెరుచుకునే ఫోను ఆ వేలితోనే ఆగిపోతుంది. ప్యాటర్న్ తెలియక ఇంట్లోవాళ్లు సెల్ షాపుకు తీసుకెళ్తారు. అక్కడ చేయగలిగింది రీసెట్ కొట్టడమొక్కటే. ఫోను తెరుచుకుంటుంది, లోపల ఏమీ ఉండదు. కొడుకు నంబరు ఎక్కించుకుని వాడుకుంటాడు. కొన్ని తరాలు ఒకే ఇంటిపేరుతో పాడుతూ వచ్చిన కుటుంబాల్లో కూడా ఇది జరగొచ్చు. ఫోను పిన్, గూగుల్ ఖాతా పాస్‌వర్డ్, ఏ ఫోల్డరులో ఏముందో చెప్పే ఆ నోటు పుస్తకం, పక్కనే పెన్‌డ్రైవ్, ఇవన్నీ ఒక కవరులో పెట్టి బీరువాలో పొలం పాసుపుస్తకం పక్కన ఉంచి, ఆ కవరు సంగతి ఇంట్లో ఇద్దరికి చెప్పాలి.